తల వంచని ఊరు

బండమీదిపల్లె, దేవరకొండ తాలూకా
3 ఫిబ్రవరి 1964

ప్రియమైన జానక్కకు ఏసోబు వందనాలు.

చేరాను. దేవరకొండ దాకా బస్సు, అక్కడి నుంచి ఏడు మైళ్ళు ఎడ్లబండి, చివరి మైలు నా కాళ్ళు. ఎడ్లకు నీళ్ళు పెట్టాలని బండాయన నన్ను దింపాడు. ఎడ్లు నీళ్ళు తాగి ఇంటిదారి పట్టాయి, నేను ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఊరిదారి పట్టాను.

నా ఉద్యోగం ఏమిటని నువ్వు మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ నాకే తెలియక ఏదో చెప్పాను. ఇప్పుడు కాగితం చేతిలో ఉంది కనుక చూసి రాస్తున్నాను: ‘మెట్ట గ్రామాల ప్రజలలో ఉత్సాహలోపం, దాని మానసిక సామాజిక కారణాలు.’ హైదరాబాదులో పెద్ద చదువులు చదివిన అమరేందర్ సారు చేస్తున్న పరిశోధన ఇది. కొత్త విత్తనాలు ఇస్తామన్నా, రోడ్డు పని చూపిస్తామన్నా ఈ ఊళ్ళ జనం కదలడం లేదట. ఎందుకు కదలరో కనిపెట్టాలి. దానికి డెబ్బై రెండు ప్రశ్నలు అచ్చువేశారు. ఇల్లిల్లూ తిరిగి అడగడం, చెప్పింది చెప్పినట్టు రాయడం నా పని. ఒక్క ప్రశ్న పెంచకూడదు, ఒక్కటి తగ్గించకూడదు.

మొదటి ఇల్లు ఈదమ్మ అనే ముసలామెది. పదకొండో ప్రశ్న ‘మీకు తరచుగా కలలు వస్తాయా?’ అని. ఆమె నన్ను ఎగాదిగా చూసి, “కలలకు గూడ పన్ను ఏస్తరా బిడ్డా?” అంది. లేదని నమ్మించేసరికి పొద్దు గూట్లో పడింది.

ఒకటి మాత్రం చెప్పాలి. ఈ ఊరివాళ్ళకు పొగరెక్కువ. వెనక నుంచి పిలిస్తే తల తిప్పి చూడరు. తలుపు తిరిగినట్టు మనిషి మనిషంతా కాళ్ళతో సహా ఇటు తిరుగుతాడు. నమస్కారం పెడితే మెడ అంగుళం కూడా వంగదు. ఊరికి పెద్దమనిషి లింగయ్యను కూర్చోమంటే, “నిలబడే చెప్త, రాసుకో” అన్నాడు. డెబ్బై రెండు ప్రశ్నలూ నిట్టాడులా నిలబడే చెప్పాడు. నేను కింద కూర్చుని, మెడ పైకెత్తి రాసుకున్నాను.

బడి పక్క గది నాకిచ్చారు. “మీరేమోళ్ళు?” అని కులం అడిగారు. “సర్కారోళ్ళం” అన్నాను. మళ్ళీ అడగలేదు.

అన్నం వండుకోవడం వచ్చింది, మాడకుండా దించడం రాలేదు. ఇక్కడికి ఆపుతాను.
నీ ఏసోబు

---

మహబూబ్‌నగర్
10 ఫిబ్రవరి 1964

తమ్మీ,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత కోప్పడ్డాను. ముందు నా సంగతి విను. నర్సులు ఊళ్ళలోకి పోయి కాన్పులు చేయాలంటే సైకిలు రావాలని మా దవాఖానలో కొత్త ఉత్తర్వు వచ్చింది. ముప్పై ఐదేళ్ళకు నాకు సైకిలేమిటని ఎవరూ అడగలేదు. నిన్న సాయంత్రం దవాఖాన గోడ నా మీదికొచ్చింది. నేను నేరుగానే పోతున్నాను. మోచేయి చీరుకుంది, చీర బతికింది.

ఇక కోపం సంగతి. ఆ ఊరివాళ్ళకు పొగరని రాశావు. ప్యాంటు వేసుకుని, చంకలో కాగితాల కట్టతో వాకిట్లోకి వచ్చినవాడికి ఎవరు తల వంచుతారు? వంచాలని నీకెందుకుంది? మన నాయినను ఊళ్ళో అందరూ తల వంచమన్నవాళ్ళేనని మరిచిపోయావా? ఇక్కడ రోగిని నొప్పెక్కడని అడిగితే చెప్పడు. మేకలెన్ని ఈనాయని అడిగితే నాలుగో మాటలో నొప్పి అదే బయటికొస్తుంది. ముందు మేకల సంగతి అడుగు, తర్వాత నీ కాగితం తియ్యి.

పచ్చడి పంపుతున్నాను. మాడిన అన్నంలోకి బాగుంటుంది.
గోడతో పోరాడుతున్న నీ అక్క,
జానమ్మ

---

బండమీదిపల్లె
17 ఫిబ్రవరి 1964

అక్కా,

నీ మేకల మంత్రం పనిచేసింది. ఇప్పుడు ఊళ్ళో ప్రతి మేకా నాకు పేరుతో తెలుసు. మనుషులు గూడా మాట్లాడుతున్నారు. నలభై మూడో ప్రశ్న ఉంది: ‘ఉదయం లేవగానే పనికి పోవాలని ఉత్సాహంగా ఉంటుందా?’ ముప్పై ఎనిమిది ఇళ్ళలో ముప్పై ఒక్క ఇంటివాళ్ళు ఉండదన్నారు. అమరేందర్ సారు జీపులో వచ్చి చూసి చాలా సంతోషించాడు. ఉత్సాహలోపం ఉందని ఆయన ముందే అనుకున్నాడట.

నాకూ అలాగే అనిపిస్తోంది. మొన్న మల్లప్ప ముందు నా పెన్సిలు కింద పడింది. నాకంటే పదేళ్ళు పెద్ద, దుక్కలాంటి మనిషి. పెన్సిలు ఆయన కాళ్ళ దగ్గరే పడింది. పెన్సిలును చూశాడు, నన్ను చూశాడు, అలాగే నిలబడ్డాడు. నేనే వంగి తీసుకున్నాను. ఇక్కడ ఎవరూ కింద కూర్చోరు. ఎత్తరుగుల మీదో మంచాల మీదో ఉంటారు. తంబాకు నములుతారో ఏమో, పండ్లన్నీ గోధుమరంగు. చిన్నపిల్లలవి గూడా అంతే.

అందరిలో మంచిది లింగయ్య కోడలు గుర్వమ్మ. నా అన్నం వాసన వాళ్ళ ఇంటిదాకా పోయిందట. రోజూ రెండు జొన్నరొట్టెలు పంపుతోంది. నువ్వేదో ఊహించకు, ఆమెకు ఇప్పుడు అయిదో నెల. మూడేళ్ళ బిడ్డ ఉంది, పేరు సత్తమ్మ. దొడ్డికాళ్ళతో బాతుపిల్లలా అటూ ఇటూ ఊగుతూ నడిచొచ్చి రొట్టెలిచ్చి పోతుంది. చూస్తే ముచ్చటేస్తుంది.

ఇంకా మనవాళ్ళ వాడ మిగిలింది. వాగు ఒడ్డున ముప్పై ఇళ్ళు. వచ్చే వారం పోతాను.
రొట్టెలు తిని బలిసిన నీ తమ్ముడు

---

మహబూబ్‌నగర్
24 ఫిబ్రవరి 1964
(కార్డు)

తమ్మీ, డ్యూటీలో ఉండి రాస్తున్నాను. ఆ ఊరబావి నీళ్ళు తాగకు. బావి దగ్గరికే పోవద్దు. వాగు నీళ్ళు తెచ్చుకో. ఎందుకని ఎవరితోనూ వాదించకు. మిగతాది వివరంగా రాస్తాను.
జానమ్మ

---

బండమీదిపల్లె
1 మార్చి 1964

అక్కకు,

నీ కార్డు అందింది. నాకంటే ముందు బడిపంతులు చదివి, “మీ అక్కకు మా బావి మీద కోపమెందుకు?” అని అడిగాడు. నాకు తల తీసేసినట్టయింది.

ఎందుకో నాకు తెలుసు. మన ఊరు మోత్కూరులో బావిగట్టు ఎక్కినందుకు నా చెయ్యి పట్టుకుని ఇంటిదాకా ఈడ్చుకొచ్చింది నువ్వే. అప్పుడు నాకు నిండా మూడేళ్ళు లేవు, కానీ భుజం నొప్పి ఇంకా గుర్తుంది. ఇన్నేళ్ళ తర్వాత, నర్సు చదువు చదివి, తెల్లచీర కట్టి, పదిమందికి పురుడు పోసిన నీకు గూడా ఇంకా అదే భయమా? నన్నెవరైనా గుర్తుపట్టి బావి మైలపడిందంటారనా? వాగు నీళ్ళు తెచ్చుకోమన్నావు. వాడవాళ్ళు తాగేవి అవే. నన్ను వాడ నీళ్ళకు పొమ్మనడానికి నీకు కార్డు చాలింది.

నేను అందరి ముందూ గట్టెక్కి, చేదతో నీళ్ళు తోడి, అక్కడే నిలబడి తాగాను. రోజుకు రెండుసార్లు తాగుతున్నాను. ఎవరూ ఏమీ అనలేదు.

పచ్చడి అయిపోయింది. మళ్ళీ పంపమని అడగడం లేదు.
ఏసోబు

---

మహబూబ్‌నగర్
7 మార్చి 1964

ఒరేయ్ తమ్మీ,

కోపమొస్తే నీ అక్షరాలు బాగుంటాయి. మామూలప్పుడూ అలాగే రాయి.

కార్డును పోస్టాఫీసు నుంచి బడిపంతులు దాకా అందరూ చదువుతారు కదా. జబ్బు పేరు రాస్తే ఊరు ఊరంతా భయపడుతుందని రాయలేదు. నువ్వు ఇంకోలా భయపడతావని నాకు తట్టలేదు, అది నా తప్పు. ఈడ్చుకొచ్చింది నేనే, ఆరోజు నాకు పదమూడేళ్ళు, గట్టు మీద కర్ర పట్టుకున్న మనిషి నాకు కనిపించాడు, నీకు కనిపించలేదు. ఇప్పుడైతే కర్ర లాక్కుంటాను. అది వదిలెయ్యి. ఇది జాగ్రత్తగా చదువు.

పోయిన నెల మీ దిక్కు నుంచి ఒకాయన నడుము నొప్పితో వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. మా డాక్టరు ఆయనతో మూడు పనులు చేయించాడు. గడ్డం ఛాతీకి ఆనించమన్నాడు. రెండు చేతులూ తలవెనక్కి పెట్టమన్నాడు. కింద సుద్దముక్క వేసి తియ్యమన్నాడు. ఒక్కటీ చేతకాలేదు. సుద్దముక్కను చూశాడు, డాక్టరును చూశాడు, అలాగే నిలబడ్డాడు.

అది చూడగానే నీ పెన్సిలు గుర్తొచ్చింది. గదికి వచ్చి నీ ఉత్తరాలు రెండూ మళ్ళీ చదివాను. తలుపు తిరిగినట్టు తిరిగే మనుషులు. కింద కూర్చోని జనం. పిల్లలకు గోధుమరంగు పండ్లు. బాతుపిల్లలా నడిచే సత్తమ్మ. అన్నీ నువ్వే రాశావు తమ్మీ, నవ్వుతూ రాశావు, నేనూ నవ్వుతూ చదివాను.

డాక్టరును అడిగాను. నల్గొండ దిక్కు కొన్ని లోతుబావుల్లో బండరాయి నుంచి ఫ్లోరైడు అనేది నీళ్ళలోకి దిగుతుందట. ఏళ్ళ తరబడి తాగితే ఒంట్లో బొక్కలు బిగుసుకుపోతాయి. దానికి మందు లేదు, నీళ్ళు మార్చడమే మందు. వాగు ఇసుకలో ఊరే నీళ్ళు చాలావరకు నయమట. అందుకే వాగు నీళ్ళన్నాను.

వాళ్ళు తల వంచరని రాశావు. వంచలేరేమో చూడు. ఎవరినీ భయపెట్టకు, ముందు అడుగు.

పచ్చడి అడగకున్నా పంపుతున్నాను.
జానక్క

---

బండమీదిపల్లె
15 మార్చి 1964

అక్కా,

నన్ను క్షమించమని ఒక్కసారే రాస్తాను, ఎక్కువసార్లు రాస్తే నువ్వు ఎగతాళి చేస్తావు.

నీ ఉత్తరం అందిన మర్నాడే లింగయ్య దగ్గరికి పోయాను. గడ్డం ఛాతీకి ఆనించగలవా పెద్దయ్యా అని అడిగాను. మెల్లగా అన్నాడు: “నా మెడ బిగిసి పన్నెండేండ్లాయె. నువ్వడిగింది ఉత్సాహం ముచ్చట. మెడ ముచ్చట ఎవలడిగిన్రు?”

నాకు కాగితాలు చించెయ్యాలనిపించింది. నలభై మూడో ప్రశ్నకు ఆయన జవాబు ‘ఉండదు’ అని నా చేత్తోనే రాసుకున్నాను. పొద్దున లేవాలంటే ఆయన పక్కకు దొర్లి, మంచంకోడు పట్టుకుని, కొడుకు ఊతమిస్తే లేస్తాడట. అలా లేచిన మనిషికి ఉత్సాహమెక్కడిది?

అప్పుడు ప్రశ్నల కాగితం చివర నా పెన్సిలుతో ఇంకొకటి రాశాను. డెబ్బై మూడు: ‘మీరు తాగేది ఏ నీళ్ళు?’ దాని కింద నీ డాక్టరు చెప్పిన మూడు పనులు. ఇల్లిల్లూ మళ్ళీ తిరిగాను. ఊళ్ళో తొంభై ఒక్కమంది పెద్దవాళ్ళు. అరవైమందికి ఏదో ఒకటి చేతకాలేదు. మల్లప్పకు మూడూ చేతకాలేదు.

తర్వాత వాడకు పోయాను. పేరు చెప్పగానే నేనూ వాళ్ళలో ఒకణ్ణేనని తెలిసి అందరూ నవ్వారు. ఊళ్ళో నేను గట్టెక్కి నీళ్ళు తాగడం వాళ్ళు కళ్ళారా చూశారు, నేనెవరో తెలిశాక గూడా ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. బిక్షమ్మ అనే ఆమెకు అరవై దాటాయి. పెన్సిలు కింద వేశాను. “గిదేం ఆట?” అని వంగి తీసి నా చేతికిచ్చింది. వాడలో అందరూ వంగారు. పిల్లల పండ్లు జొన్నగింజల్లా తెల్లగా ఉన్నాయి. ఎందుకో డెబ్బై మూడో ప్రశ్న చెప్పింది. ఊరబావి వాళ్ళనెన్నడూ ముట్టనియ్యలేదు. తాతల నుంచీ వాగులో చెలిమ తవ్వుకుని, ఇసుకలో ఊరిన నీళ్ళు ముంచుకుని తాగుతున్నారు. వద్దన్న బావే వాళ్ళను కాపాడింది. నవ్వాలో ఏడవాలో తెలియక చెలిమ దగ్గర కూర్చుండిపోయాను.

ఇంతలో అమరేందర్ సారు వచ్చాడు. నా రాత చూసి మండిపడ్డాడు. ఒక్క ప్రశ్న పెంచినా పరిశోధన పాడవుతుందని చెప్పలేదా అన్నాడు, సామాను సర్దుకోమన్నాడు. సర్దుకుంటాను, ఒక్క ఇంటికి వచ్చి పొండి అన్నాను. లింగయ్య వాకిట్లో సారు కలం తీసి తనే కింద వేశాడు. లింగయ్య కదల్లేదు. సారు ఆయన ముఖం వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తనే వంగి తీసుకున్నాడు. నీళ్ళు సీసాలో పట్టుకుని హైదరాబాదు పోయాడు. నా సామాను సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. నీళ్ళ సంగతి లింగయ్యకు చెప్పాను. “వాడోళ్ళ చెలిమకాడికి మా ఆడోళ్ళు పోవాల్నా?” అన్నాడు. బిక్షమ్మ కొడుకు మైసయ్యను అడిగాను. “బావిగట్టు ఎక్కనియ్యనోళ్ళు గిప్పుడు మా చెలిమకు వస్తరా? ఎండాకాలం మాకే చాలవు” అన్నాడు. ఇద్దరూ తలుపు వేశారు. గుర్వమ్మకు నెలలు గడుస్తున్నాయి. ఏం చెయ్యాలో రాయి.
నీ తమ్ముడు

---

మహబూబ్‌నగర్
22 మార్చి 1964

తమ్మీ,

సైకిలు నేరుగా పోవడం వచ్చింది. తిప్పడం ఇంకా రాలేదు. ప్రస్తుతం రోడ్డు ఎటు పోతే కాన్పులు అటే చేస్తున్నాను.

డాక్టరును మళ్ళీ అడిగాను. లింగయ్య మెడ ఇక వంగదు. ఆ మాట దాచకు, ఆశ పెట్టకు. సత్తమ్మ చిన్నది కనుక ఇప్పుడే నీళ్ళు మారిస్తే ముదరకుండా ఉండొచ్చు. కడుపులో ఉన్నదానికి అంతకంటే ఎక్కువ మేలు.

నువ్వు అడిగింది తప్పు మనుషులను. లింగయ్య ఎన్నడైనా కుండ ఎత్తాడా? మైసయ్య ఎత్తాడా? కుండ మోసేవాళ్ళను అడుగు. గుర్వమ్మకు ఉన్నదున్నట్టు చెప్పు. బిక్షమ్మకూ చెప్పు. బతిమాలకు, ఎవరినీ తప్పుపట్టకు. చెప్పి ఊరుకో.

మైసయ్య కోపం న్యాయమైనదే. దాన్ని తక్కువ చేసి మాట్లాడావో, నేనే సైకిలు మీద వస్తాను.
అక్క

---

బండమీదిపల్లె
9 ఏప్రిల్ 1964

జానక్కా,

ఈసారి ఉత్తరం పెద్దది, తీరిక చూసుకుని చదువు.

ముందు ఉద్యోగం సంగతి. సారు ఉత్తరం రాశాడు. సీసా నీళ్ళలో నీ డాక్టరు చెప్పిందే ఉందట. పరిశోధన పేరులోంచి ‘ఉత్సాహలోపం’ కొట్టేశాడు, ఇంకా ఏ పేరూ పెట్టలేదు. ఆరోగ్యశాఖకు రాశానన్నాడు. నన్ను ఇంకో నాలుగు ఊళ్ళు తిరగమన్నాడు. అచ్చులో ఇప్పుడు డెబ్బై మూడో ప్రశ్న ఉంది, అది మొదటి ప్రశ్న అయింది. నాకు మాత్రం ఒక్క మంచి మాట రాయలేదు. పరవాలేదు, పెద్ద చదువులవాళ్ళు.

నువ్వు చెప్పినట్టే చేశాను. గుర్వమ్మను అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. సత్తమ్మ కాళ్ళ సంగతి అన్నిటికంటే చివర చెప్పాను, ముచ్చటేస్తుందని నీకు రాసింది నేనే కదా. ఆమె ఏడవలేదు. “నేను రోజుకు పది బిందెలు తోడి తాపిన గదా” అంది. అంతే అంది. లోపలికి పోయింది.

బిక్షమ్మకు చెప్పినప్పుడు మైసయ్య పక్కనే ఉన్నాడు. తాతల నాటి నుంచి పడ్డవన్నీ ఏకరువు పెట్టాడు. ఒక్కటీ అబద్ధం కాదు. నేను తల ఊపుతూ విన్నాను, నాకు చెప్పడానికి అందులో కలిపేవే ఉన్నాయి. బిక్షమ్మ జొన్నలు చెరుగుతూ అంతా విని, చాట కింద పెట్టి ఒక్క మాట అడిగింది: “ఆ కడుపులున్న పసిగుడ్డు నీకేం జేసిందిరా?”

మైసయ్య లేచి పోయాడు. నాకు ఆశ పోయింది. తెల్లారి వాగులోకి పోతే అతను మోకాలిలోతు గుంటలో నిలబడి తవ్వుతున్నాడు. పాత చెలిమకు ఇరవై అడుగుల ఎగువన కొత్తది. “మా నీళ్ళు ఖాళీ చేయకుంట” అని నాతో గట్టిగా అన్నాడు. నేను చొక్కా విప్పి దిగాను. కాసేపటికి మల్లప్ప వచ్చాడు. వంగలేడు కనుక తవ్వలేడు. ఒడ్డున నిలబడి, మేం ఎత్తి ఇచ్చిన ఇసుక గంపలు అందుకుని దూరంగా పోశాడు. మధ్యాహ్నం దాకా ముగ్గురం పనిచేశాం. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాటా మాట్లాడుకోలేదు, కానీ గంప ఒక్కసారి గూడా కింద పడలేదు.

లింగయ్య ఇంకా ఊరబావి నీళ్ళే తాగుతున్నాడు. తన కాలం అయిపోయిందంటాడు. సత్తమ్మ కుండలో చెయ్యి పెట్టబోతే మాత్రం కేకేసి, “అటుపక్క ముంతల నీళ్ళు తాగు” అంటాడు.

మొన్న ఆదివారం గుర్వమ్మ వచ్చింది. వెంట ఈదమ్మ, ఇంకో నలుగురు. ఆరుగురూ కుండలు చంకన పెట్టుకుని ఒడ్డు మీద ఆగిపోయారు. వాడ ఆడవాళ్ళు నీళ్ళు ముంచుకుంటూ చూస్తున్నారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. నేను ఏదో అనబోయాను. చెప్పి ఊరుకొమ్మని నువ్వన్నావు కనుక నోరు మూసుకున్నాను. అక్కా, నా బతుకులో అంత కష్టమైన పని చేయలేదు.

బిక్షమ్మ తన కుండ నింపుకుని, నెత్తిన పెట్టుకోకుండా పక్కన దించింది. “చెప్పులిడిసి దిగు. ఒడ్డు కూలుతది, పైలం” అంది గుర్వమ్మతో.

గుర్వమ్మ దిగింది. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ఒక చెయ్యి కోసం చూసింది. బిక్షమ్మ ఇచ్చింది. చెలిమ అంచున కూర్చోబెట్టి, తన ముంతతోనే ముంచి దోసిట్లో పోసింది. గుర్వమ్మ తాగి, ఏదో పోగొట్టుకున్నట్టు ముఖం పెట్టింది.

“సప్పగున్నయి” అంది.

“మా నీళ్ళు గంతే. నాలుగొద్దులు తాగు, అలవాటైతది” అని బిక్షమ్మ మళ్ళీ ముంత ముంచింది.

నీ ఏసోబు